జీను చూస్తేనే బెదిరే పిల్లగుర్రానికి సవారీ నేర్పడం ఎలా?

ప్రశ్న: మా దగ్గర మూడున్నరేళ్ల ఆడగుర్రం ఉంది. చిన్నప్పటి నుంచి చేతికి మాలిమైనది. హాల్టర్ (తలకు వేసే పట్టీ) వేస్తే వెంట నడుస్తుంది, గిట్టలు ఎత్తనిస్తుంది. నేను చాలా ఏళ్లుగా సవారీ చేస్తున్నాను గాని, ఇంతవరకు ఎక్కినవన్నీ శిక్షణ పూర్తయిన గుర్రాలే. నెల క్రితం దీనికి జీను వేశాను. మొదటిసారి ఊరుకుంది. రెండోసారి పొట్టపట్టీ బిగించగానే వీపు ఎత్తి ఎగదన్ని, జీను జారి పొట్ట కిందికి వచ్చేదాకా పరుగెత్తింది. అప్పటి నుంచి జీను కనబడితే చాలు, చెవులు వెనక్కి పెట్టి పక్కకు తప్పుకుంటోంది. కళ్లెం నోట్లో పెడితే తల ఎగరేస్తూ నోరు తెరుస్తోంది. గుర్రాలతో అనుభవమున్న స్నేహితుడొకరు, “రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది. రోజూ అలిసిపోయేదాకా గుండ్రంగా తిప్పి, అప్పుడు ఎక్కు. రెండు వారాల్లో దారికొస్తుంది” అంటున్నారు. దీని వయసు సవారీకి సరిపోతుందా? మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి? క్యాంటర్ (ట్రాట్ కంటే వేగమైన పరుగు) ఎప్పుడు చేయించవచ్చు? ఇది నేను చేయగల పనేనా, లేక శిక్షకుడికి అప్పగించాలా?

జవాబు: మీ నాలుగు ప్రశ్నలకంటే ముందు మీ స్నేహితుని సలహా గురించి చెప్పవలసి ఉంది, ఎందుకంటే మిగతా పనులు నెల ఆలస్యమైనా నష్టం లేదు గాని, ఆ సలహాను రేపు ఉదయమే అమలుచేస్తే నష్టం ఉంది. అలిసిపోయేదాకా తిప్పి ఎక్కే పద్ధతి చాలా చోట్ల ఉన్నదే; అది పనిచేసినట్టు కనిపిస్తుంది కూడా. ఒళ్లంతా చెమట పట్టి, డొక్కలు ఎగరేస్తున్న గుర్రం మీదికి ఎక్కితే అది ఎగదన్నకపోవచ్చు. కాని ఆ క్షణాన దానికి తెలిసివచ్చింది తనకు ఎదిరించే సత్తువ లేదన్న సంగతి మాత్రమే. జీను వల్ల ప్రమాదం లేదన్న సంగతి దానికి ఇంకా తెలియదు. మరునాటికి సత్తువ తిరిగి వస్తుంది, దానితోపాటు భయమూ తిరిగి వస్తుంది. పైగా రోజూ పరుగెత్తే గుర్రానికి దమ్ము పెరుగుతుంది గనుక, మొదటి వారం పావుగంటలో అలిసినది నెల తిరిగేసరికి ముప్పావు గంటకు గాని అలవదు. చిన్న వలయంలో ఎడతెగకుండా తిరిగే గుర్రం ఒంటిని లోపలికి వాల్చి పరుగెత్తుతుంది. అప్పుడు కాళ్ల కీళ్ల మీద బరువు సమంగా పడదు, ఎదుగుతున్న కీళ్లకు అది ఎంతమాత్రం మంచిది కాదు.

ఇందులో కంటికి కనబడని చేటు మరొకటి ఉంది. తప్పించుకునే దారి లేదని తెలిసిన జంతువు ఒక దశలో ఎదురాడడం మానేసి నిలబడిపోతుంది, చూసేవారు దానిని శాంతం అనుకుంటారు. నిజంగా నెమ్మదించిన గుర్రం కళ్లు ఆర్పుతుంది, మెడ దించుతుంది, దాని చెవులు అటూ ఇటూ కదులుతుంటాయి, ఊపిరి లోతుగా వస్తుంది. స్తంభించిపోయిన గుర్రం కళ్లు ఆర్పదు, మూతి కండరాలు బిగబట్టి, తోకను కాళ్ల మధ్య అదిమి కట్టెలా నిలబడుతుంది. ఏదో ఒక రోజున ఏ చిన్న చప్పుడుకో ఒక్కసారిగా బద్దలవుతుంది. గుర్రం నాలుక చప్పరిస్తే విషయం అర్థమైనట్టేనని కొందరు చెబుతుంటారు. అది బిగువు సడలేటప్పుడు కనిపించే చర్య గనుక, అంతకుముందు బిగువు ఉండేదని కూడా దానివల్ల తెలుసుకోవాలి. ఇక సామెత విషయానికొస్తే, దానిని నేను కాదనను. ఒకరోజు ఒకలా, మరొకరోజు మరొకలా అడిగే రౌతు దగ్గర ఏ గుర్రమూ నాలుగు కాళ్ల మీద సరిగా నడవదు. అయితే దానికి మందు అడిగే తీరులో నిలకడే గాని, గుర్రాన్ని అలసగొట్టడం కాదు.

శిక్షణ మళ్లీ మొదలుపెట్టేముందు పశువైద్యునిచేత దాని నోరు, వీపు తప్పక చూపించండి. మూడున్నరేళ్ల వయసు గుర్రం నోటికి చాలా ఇబ్బందికరమైన కాలం. ముందు పళ్లలో నడిమి జత రెండున్నరేళ్లకు, వాటి పక్కవి మూడున్నరేళ్లకు, చివరివి నాలుగున్నరేళ్లకు ఊడి కొత్తవి వస్తాయి. దవడలోని నమిలే పళ్లలో పాలపళ్లు కూడా రెండున్నర నుంచి నాలుగేళ్ల మధ్యనే రాలుతాయి. అంటే మీ గుర్రం నోట్లో ఈ నెలల్లోనే ఏదో ఒక పన్ను కదులుతూ, చిగురు వాచి ఉండే అవకాశం చాలా ఎక్కువ. వీటికి తోడు చాలా గుర్రాలకు పైదవడ నమిలే పళ్లకు ముందు, బిట్ (కళ్లెంలో నోట్లో ఉండే కడ్డీ) వచ్చి ఆనే చోటుకు దగ్గరలో, వుల్ఫ్ టీత్ అనే చిన్న పళ్లు ఉంటాయి. బిట్ తగిలినప్పుడు కొన్ని గుర్రాలకు అవి నొప్పి పెడతాయి గనుక, బిట్ అలవాటు చేయకముందే వాటిని తీయించడం చాలామంది పాటించే పద్ధతి. తల ఎగరేయడం, నోరు తెరవడం మొండితనం అనుకునేముందు ఈ కారణం లేదని నిర్ధారించుకోవాలి.

పొట్టపట్టీ బిగించగానే ఎగదన్నడానికి కూడా భయంతోపాటు నొప్పి కారణమై ఉండవచ్చు. గుర్రం జీర్ణాశయంలో మేత ఉన్నా లేకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది, అందువల్ల ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచిన గుర్రాలలో పుండ్లు పడడం సాధారణం. పట్టీ బిగిస్తే పళ్లు చూపించడం, పొట్ట వైపు తిరిగి చూడడం వంటివి ఉంటే వైద్యునికి ఈ మాట కూడా చెప్పండి. అన్ని గుర్రాల విషయంలోనూ, పనికి ముందు కాస్త ఎండుగడ్డి తిననివ్వడం మేలు, ఎందుకంటే కడుపులో గడ్డి ఉంటే పరుగులో ఆమ్లం పైభాగానికి చిమ్మడం తగ్గుతుంది.

జీను సంగతి చూద్దాం. శిక్షణ పూర్తయిన పెద్ద గుర్రానికి వాడిన జీనునే దీనికీ వేశారేమోనని నా అనుమానం. జీను ముందుభాగం మూపు ఎముక మీద ఆనకూడదు, రౌతు కూర్చున్నాక కూడా రెండు మూడు వేళ్ల సందు మిగలాలి. రెండు వైపులా మెత్తలు వీపును సమంగా తాకాలి, మధ్యలో వంతెనలా లేచి రెండు చివర్లు గుచ్చుకోకూడదు. బరువు చివరి పక్కటెముకను దాటి వెనక్కి పోకూడదు. భుజం కదలికకు జీను చట్రం అడ్డుపడకుండా కాస్త వెనక్కి అమరాలి. ఇక్కడ మరొక చిక్కు ఉంది: ఈ వయసులో గుర్రం వీపు ఆకారం ఒకచోట నిలవదు. పనిలో పడ్డాక కండ పెరుగుతుంది, మధ్యలో పిరుదులు మూపుకంటే ఎత్తుగా పెరిగి మళ్లీ సమానమవుతాయి, అందువల్ల నేడు సరిగ్గా కుదిరిన జీను మూడు నెలల తరువాత కుదరకపోవచ్చు. మొదట్లో చట్రం వెడల్పు మార్చుకోగల తేలికపాటి జీను వాడుకుని, ఖరీదైనది కొనడం గుర్రం ఎదుగుదల పూర్తయ్యేదాకా వాయిదా వేసుకోవడం తెలివైన పని.

ఇప్పుడు వయసు ప్రశ్న. ఎముకలు పొడవు పెరగడం వాటి చివర్లలోని గ్రోత్ ప్లేట్లు (ఎముక పెరిగే మెత్తని పొరలు) మూసుకోవడంతో ఆగుతుంది, ఆ మూసుకోవడం కింది నుంచి పైకి జరుగుతుంది. గిట్ట లోపలి ఎముకలో అది పుట్టుకనాటికే ఇంచుమించు పూర్తవుతుంది, ముందుకాలి మోకాలికి పైనున్న ఎముక కింది చివర సుమారు రెండు, రెండున్నరేళ్లకు మూసుకుంటుంది, వెన్నెముకలోనివి అన్నిటికన్నా ఆలస్యంగా, సాధారణంగా 5 ఏళ్లు దాటాక మూసుకుంటాయి. దీనిని బట్టి 6 ఏళ్లదాకా గుర్రాన్ని ముట్టుకోరాదని కొందరు వాదిస్తారు. మరోవైపు పందెపు గుర్రాలు రెండేళ్లకే పరుగుకు దిగుతున్నాయి. రెండు కొసలూ నాకు సమ్మతం కావు. ఎదిగే ఎముక మితమైన పనికి స్పందించి గట్టిపడుతుంది, ఏ పనీ లేకుండా కొట్టంలో కట్టేసిన గుర్రానికి ఆ బలం రాదు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో లిపిజానర్ జాతి మగగుర్రాలకు సవారీ శిక్షణ సుమారు 4 ఏళ్లకు మొదలవుతుంది, అంతర్జాతీయ డ్రెస్సాజ్‌లో (గుర్రంచేత కచ్చితమైన కదలికలు చేయించే పోటీలో) పిల్లగుర్రాల విభాగాలు 5 ఏళ్ల వయసుతో ఆరంభమవుతాయి. మూడున్నరేళ్ల మీ గుర్రానికి నేల మీది పాఠాలు, తేలికపాటి సవారీతో తొలి పరిచయం తగినవే. రోజూ గంటల తరబడి బరువు మోయడం, చిన్న వలయాలు, ఎత్తైన గెంతులు తగవు.

మోసే బరువుకూ ఒక హద్దు పెట్టుకోండి. ఎదిగిన గుర్రానికి రౌతు, జీను కలిపి దాని బరువులో 20 శాతం మించకూడదన్నది విస్తృతంగా పాటించే కొలత. ఈ వయసులో 15 శాతం దగ్గర ఆగాలని నేను చెబుతాను. 400 కిలోల గుర్రమైతే జీనుతో కలిపి 60 కిలోలు. మీ బరువు అంతకు మించితే తొలి నెలల సవారీ తేలికైన, నెమ్మదైన రౌతుచేత చేయించి, నేల మీది పని మీరు చూసుకోండి.

తరువాత చెప్పే ప్రతి అడుగుకూ ఆధారమైన విషయం ఒకటుంది. గుర్రం ఒత్తిడి వల్ల నేర్చుకోదు, ఒత్తిడి తొలగిన క్షణాన నేర్చుకుంటుంది. హాల్టర్ తాడును మెల్లగా వెనక్కి లాగితే గుర్రం ఏం చేయాలో వెతుక్కుంటుంది: తల ఎత్తుతుంది, పక్కకు వాలుతుంది, చివరకు ఒక కాలు వెనక్కి కదుపుతుంది. ఆ కాలు కదిలిన క్షణంలోనే తాడు వదులైతే, వెనక్కి జరగడమే జవాబని దానికి తెలుస్తుంది. రెండు మూడు సెకన్లు ఆలస్యంగా వదిలితే, అప్పటికి అది తల ఎగరేసి ఉంటే, తల ఎగరేయడమే జవాబు అనుకుంటుంది. మీ గుర్రానికి జరిగింది సరిగ్గా ఇదే: అది ఎగదన్నింది, పరుగెత్తింది, జీను వీపు మీది నుంచి జారిపోయింది. ఎగదన్నితే జీను పోతుందన్న పాఠం ఒక్క సారికే బలంగా నాటుకుంది. ప్రాణభయంతో నేర్చుకున్న దానిని గుర్రాలు ఏళ్లపాటు మరచిపోవు గనుక, ఆ పాఠాన్ని చెరిపేయాలని చూడకుండా, దాని మీద అంతకంటే బలమైన కొత్త అనుభవాలను ఓపికగా పేర్చుకుంటూ పోవాలి.

అందుచేత జీనును కొన్ని వారాలు కొట్టంలోనే ఉంచి, నేల మీది నాలుగు పనులు కచ్చితంగా వచ్చేలా చేయండి: తాడు చిన్నగా కదిపితే ముందుకు నడవడం, ఆగమంటే ఆగడం, వెనక్కి జరగడం, డొక్క పక్కన వేళ్లతో తాకితే వెనక కాళ్లు పక్కకు వేయడం. ఇవి సామాన్యంగా కనిపిస్తాయి గాని, రేపు వీపు మీది నుంచి మీరు అడగబోయే ముందుకు, ఆగు, తిరుగు అనే మూడు మాటలూ ఇవే. రెండు వైపుల నుంచీ చేయించాలి. ఒక కంటితో చూసినది గుర్రానికి రెండో కంటితో తెలియదన్న ప్రచారం నిజం కాదు, అయితే రెండో వైపు నుంచి అదే వస్తువు వేరే ఆకారంలో, వేరే వెలుగులో కనబడుతుంది గనుక, ఎడమవైపు ఊరుకున్న గుర్రం కుడివైపు బెదరడం మామూలే. రోజుకు 20 నిమిషాలు, వారానికి నాలుగు రోజులు చాలు. మధ్యలో ఖాళీ రోజులు ఉంటే నేర్చుకున్నది పోతుందని భయపడకండి. విరామం తరువాత గుర్రం మెరుగ్గా చేయడం శిక్షకులందరూ చూసేదే.

జీను మళ్లీ పరిచయం చేసేటప్పుడు దానిని విడివిడి భాగాలుగా విడగొట్టి ఆలోచించండి: వీపు మీద బరువు, పొట్ట చుట్టూ బిగింపు, పక్కన వేలాడి తగిలే వస్తువులు, కదిలితే వచ్చే చప్పుడు. వీటిలో మీ గుర్రాన్ని భయపెట్టినది బిగింపు. కాబట్టి మొదట మెత్తని తువ్వాలును వీపు మీద వేసి తీయడం, ఆ తరువాత పొడవాటి మెత్తని తాడునో పట్టీనో పొట్ట చుట్టూ తిప్పి, కొసను ముడివేయకుండా చేత్తో పట్టుకుని, కాస్త బిగించి, గుర్రం ఊపిరి వదిలిన క్షణాన సడలించడం చేయాలి. ముడి లేకపోవడం ముఖ్యం, అది బెదిరితే మీరు వెంటనే వదిలేయగలగాలి. అయితే బెదిరాక వదలడంకంటే, బెదిరేంత బిగించకుండా ఉండడం ఎన్నో రెట్లు మంచిది. చెవులు బిగుసుకున్నాయంటే ఆ రోజుకు మీరు హద్దు దాకా వచ్చారని అర్థం. అంతకు కొంచెం ఇవతల ఆగి, అక్కడే అది విసుగుపడేదాకా పదేపదే చేయండి. బిగింపును అది పట్టించుకోనప్పుడు ఆ పట్టీతోనే నాలుగడుగులు నడిపించండి, ఎందుకంటే నిలబడినప్పటి బిగింపు వేరు, భుజం కదిలినప్పుడు తెలిసే బిగింపు వేరు. రెండోసారి జీను వేసినప్పుడు ఎగదన్నిన గుర్రాలలో చాలావాటికి గొడవ మొదలయ్యేది ఈ మొదటి అడుగులోనే.

అసలు జీను వేసే రోజున రికాబులు తీసేయండి, మెత్తను మూపుకు కాస్త ముందు వేసి వెనక్కి జరిపి వెంట్రుకలు నున్నగా ఉండేలా చూడండి, జీనును దబాలున పడేయకుండా చేత్తో మోసి ఆనించండి. పొట్టపట్టీని మూడు నాలుగు విడతలుగా, విడతకు ఒక రంధ్రం చొప్పున, మధ్యలో కొంచెం నడిపిస్తూ బిగించాలి. ఇక్కడ మెత్తదనం పేరుతో చేసే తప్పు కూడా ఉంది: మరీ వదులుగా వదిలేస్తే జీను పక్కకు జారుతుంది, జారిన జీను ఎంత పని చేస్తుందో మీరు చూశారు. అందువల్ల జీను వేసి కదిలించేముందు అది జారనంత బిగింపు ఉండి తీరాలి, అంత బిగింపును అది హాయిగా భరించే దశ రాకపోతే ఆ రోజు జీను వేయనే కూడదు. మూసిన ఆవరణలో, కింద మెత్తని నేల ఉన్నచోట, గుర్రాన్ని దేనికీ కట్టకుండా, తాడు చేతిలో ఉంచుకుని చేయండి. జీనుతో నడక, ట్రాట్ (నడకకంటే వేగమైన మెల్లని పరుగు), ఆగడం, వెనక్కి జరగడం అన్నీ జీను లేనప్పటిలాగే వచ్చాక రికాబులు తగిలించి, అవి డొక్కలకు తగులుతుండగా మళ్లీ చేయించండి.

నోరు బాగుందని వైద్యుడు చెప్పాక బిట్ పరిచయం పెద్ద పని కాదు. మధ్యలో కీలున్న, స్నాఫిల్ అనే సాదా రకం బిట్ చాలు. మరీ లావుదైతే మెత్తగా ఉంటుందన్నది అపోహ, చిన్న నోట్లో దానికి చోటు చాలదు. మొదటి రోజుల్లో పగ్గాలు తగిలించకుండా కొద్ది నిమిషాలు ఉంచి తీసేయండి. ముక్కుపట్టీ ఉంటే ముక్కు ఎముక మీద, పట్టీకి ఎముకకు నడుమ, పెద్దవారి వేళ్లు రెండు దూరేటంత వదులు ఉండాలి. నోరు తెరుస్తోందని పట్టీతో నోరు కట్టేయడం నేను ఒప్పుకోను. అది తెలియజేస్తున్న బాధను దాచడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

బిట్‌కు అలవాటుపడ్డాక, రెండు పొడవాటి పగ్గాలను జీను పక్కల నుంచి పోనిచ్చి, తన్నుకు అందనంత దూరంలో వెనక నడుస్తూ తోలడం నేర్పండి. తొందరపడేవారు వదిలేసే దశ ఇదే, నా దృష్టిలో వదలకూడనిదీ ఇదే. మనిషి ముందు లేకుండా తానే ముందుండి నడవడం, పగ్గం సూచనకు తిరగడం, ఆగడం, కొత్త వస్తువులను దాటడం అన్నీ గుర్రం వీపు మీద బరువు లేకుండానే నేర్చుకుంటుంది. నడకలోనే ఎక్కువసేపు, వీలైతే ఆవరణ బయట ప్రశాంతమైన దారుల్లో కూడా చేయవచ్చు. తాడు మీద గుండ్రంగా తిప్పడం పూర్తిగా మానమని నేననను. వలయం 18 నుంచి 20 మీటర్ల అడ్డుకొలతకు తగ్గకుండా, దిశ మారుస్తూ, పది నిమిషాలకు మించకుండా, గుర్రం మాట వింటోందో లేదో చూడడానికి మాత్రమే వాడండి.

మొదటిసారి ఎక్కడం చుట్టూ లేనిపోని హడావుడి ఉంటుంది. ముందు పనులు సరిగా జరిగితే అది చప్పగా గడిచిపోవాలి. గుర్రానికి రెండు కళ్లూ కలిపి చుట్టూ ఇంచుమించు 350 డిగ్రీల మేర కనబడుతుంది, సరిగ్గా తోక వెనక, నుదుటికి ఎదురుగా మాత్రమే కనబడదు. తన కంటికి పైన, వెనకగా ఒక ఆకారం హఠాత్తుగా లేవడం వేటాడే జంతువు తన మీద పడడాన్ని తలపిస్తుంది గనుక, ఎక్కే రోజుకంటే చాలా ముందే పీట మీద నిలబడి, దాని వీపుకన్నా ఎత్తులో కదులుతూ, రెండు వైపులా చేతులు వేసి గోకుతూ అలవాటు చేయండి. ఆ తరువాత సహాయకుడు తాడు పట్టుకుని తల దగ్గర ఉండగా, పీట మీది నుంచి జీను మీద చేతులతో బరువు వేసి తీయడం, పొట్ట ఆనించి అడ్డంగా వాలి దిగడం, అలా వాలి ఉండగా రెండడుగులు నడిపించడం వరుసగా చేయాలి. బరువు పడగానే గుర్రం తూలి కాళ్లు వెడల్పుగా వేసుకోవడం సహజం, సర్దుకునే సమయం ఇవ్వండి. పీట లేకుండా నేల మీది నుంచి రికాబు పట్టి ఎగబాకడం మాత్రం వద్దు. జీను పక్కకు లాగి మూపు మీద నొక్కుతుంది.

కాలు అవతలికి వేసే రోజున హెల్మెట్ తప్పనిసరి, ఛాతీని కాపాడే జాకెట్ ఉంటే ఇంకా మంచిది. గుర్రం మెడ చుట్టూ ఒక పట్టీ వేసుకుంటే, తూలినప్పుడు పగ్గాలు లాగి నోరు నొప్పించకుండా దానిని పట్టుకోవచ్చు. కాలు పిరుదులకు తగలకుండా వేసి, మెల్లగా కూర్చుని, మెడ గోకి, అది ఊపిరి వదిలాక దిగిపోండి. ఆ రోజుకు అదే పాఠం. నడిపించడం తరువాతి సారి, అదీ మొదట సహాయకుడే నడిపించాలి. నేల మీద నేర్చిన మాట, దానితోపాటే మీ కాలి స్పర్శ, ఈ రెండూ కలిపి ఇస్తూ పోతే కొన్ని రోజులకు స్పర్శ ఒక్కటే చాలుతుంది, అప్పుడు సహాయకుడు క్రమంగా పక్కకు తప్పుకోవచ్చు.

తరువాతి నెలల్లో చేయవలసినది వినడానికి విసుగు పుట్టించేటంత సాదాగా ఉంటుంది: 20 నిమిషాల సవారీ, అందులో ఎక్కువ భాగం నడక, పెద్ద మలుపులు, తిన్నని గీతలు, తరచుగా ఆగడం. ట్రాట్‌లో వీపు మీద కూలబడకుండా లయకు లేస్తూ కూర్చోండి. మెడను వంచి తలను ‘అందంగా’ నిలబెట్టాలన్న కోరిక ఈ దశలో అణచుకోవాలి. జర్మన్ శిక్షణ సంప్రదాయంలో మెట్ల వరుస లయ, సడలిక, పగ్గంతో సంబంధం, ఊపు, తిన్నదనం, కూడగట్టుకోవడం (బరువును వెనక కాళ్ల మీదికి తెచ్చుకోవడం) అని ఆరుగా చెబుతారు. తల భంగిమ మీద పట్టుదల ఉన్నవారు మొదటి రెండూ వదిలి మూడోదాని దగ్గర మొదలుపెడుతున్నారన్నమాట. పిల్లగుర్రం మెడ చాచి, వీపు ఊగుతూ, ఒకే లయలో నడవడం నేర్చుకుంటే మిగతావి వాటి వేళకు వస్తాయి.

క్యాంటర్‌కు నేను నెలలు చెప్పను, గుర్తులు చెబుతాను. ట్రాట్‌లో రెండు దిశల్లోనూ వేగం మారకుండా పెద్ద వలయం పూర్తిచేయగలగాలి, మీరు శరీరం నిటారు చేసి ఊపిరి వదిలితే నడకలోకి రాగలగాలి, బయటి దారిలో ఒక పక్షి లేచినా పగ్గం సూచన వినాలి. ఇవి ఉన్నప్పుడు వెడల్పైన మైదానంలో, కాస్త ఎత్తు ఎక్కే తిన్నని దారి మీద, మరొక నెమ్మదైన గుర్రం తోడుగా కొద్ది అడుగులు అడిగి, నడకలోకి తేవడం మంచి ఆరంభం. మూలల్లో ట్రాట్‌ను తరిమి తరిమి క్యాంటర్‌లోకి నెట్టడం దానికి తూలడమే నేర్పుతుంది. నెల రెండు నెలలు పనిచేశాక కొన్ని వారాలు పచ్చికలో వదిలేయడం కూడా శిక్షణలో భాగమే. తిరిగి పనిలోకి తెచ్చేటప్పుడు జీను కుదిరిందో లేదో మళ్లీ చూడండి, గిట్టలను ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించడం మాత్రం సెలవుల్లోనూ ఆపకండి.

అంతా సాఫీగా సాగుతుండగా ఉన్నట్టుండి గుర్రం నిలబడిపోయినా, తోక విదిలించినా, ఒక వైపు తిరగనన్నా, మొదట నొప్పిని అనుమానించండి. సవారీలో ఉన్న గుర్రం నొప్పిని గుర్తించడానికి పశువైద్యురాలు స్యూ డైసన్ బృందం 24 ప్రవర్తనల పట్టికను 2018లో ప్రచురించింది. చెవులు ఎక్కువసేపు వెనక్కి పెట్టడం, నోరు పదేపదే తెరవడం, తోక విదిలించడం, కళ్లు ఒకే చోట నిలిపి చూడడం వంటివి అందులో ఉన్నాయి, ఒకే సవారీలో 8 లేదా అంతకు మించి కనిపిస్తే కండరాలలోనో ఎముకలలోనో నొప్పి ఉండే అవకాశం ఎక్కువని వారి నిర్ణయం. పొగరు అని చాలామంది పేరుపెట్టే వాటిలో ఎన్ని ఆ పట్టికలో ఉన్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

ఇక ఇది మీరు చేయగల పనేనా అన్నది. నేల మీది పాఠాలు, జీనుతో మళ్లీ స్నేహం, వెనక నడిచి తోలడం, ఇవన్నీ ఓపిక ఉన్న మీవంటివారు చేయగలరు, మీ గుర్రం చేతికి మాలిమైనదే గనుక ఆ పునాది మీకు ఉంది. తొలి సవారీలు మాత్రం, ఒకసారి జీనుతో పరుగెత్తిన గుర్రం కావడం వల్ల, పిల్లగుర్రాలను ఎక్కిన అనుభవమున్నవారి చేత చేయించడం క్షేమం. మీరు తాడు పట్టుకునే సహాయకుడిగా ఉండండి, అది నమ్మే మనిషి నేల మీద ఉండడమే ఆ రోజు దానికి కావలసినది. శిక్షకుడిని ఎంచుకునేముందు అక్కడికి వెళ్లి ఆయన వేరొక పిల్లగుర్రంతో పనిచేస్తుండగా చూడండి. గుర్రం చెమట పట్టకుండా పాఠం ముగుస్తోందా, ఏదైనా తప్పు జరిగితే ఆయన ఒక మెట్టు వెనక్కి వెళుతున్నారా, ఇన్ని రోజుల్లో అప్పగిస్తానని మాట ఇస్తున్నారా అన్నవి గమనించండి. ఆ మూడోది చేసేవారి దగ్గర నేనైతే గుర్రాన్ని వదలను. పూర్తిగా అప్పగించినా చివరి వారం మీరు అక్కడే ఉండి, ఆయన ఏ సూచనకు ఏ స్పర్శ వాడుతున్నారో చూసి, ఆయన ఎదుటే ఎక్కి నేర్చుకుని, ఆ తరువాతే ఇంటికి తెచ్చుకోండి.